నూట యాభై మీటర్లు

ఎండాకాలం మూడు నెలలూ నా కొలువు ఇదే:
భుజాన టేపు చుట్ట, చంకలో ఫారాల అట్ట.
ఈ ఫ్యోర్డు ఒడ్డున ఎవరు గుడారం వేసినా
అది ఎవరి గుమ్మానికి ఎంత దూరమో
కొలిచి చెప్పేవాణ్ణి.

నియమాలు నాకు నోటికొచ్చు.
కంచె లేని నేల ఎవరిదైనా, పడుకునే హక్కు అందరిదీ.
కోతకొచ్చిన గడ్డిచేలో మాత్రం వద్దు.
జనం ఉంటున్న ఇంటికి నూట యాభై మీటర్ల ఎడం.
ఒకే చోట రెండు రాత్రులు, మూడోదానికి నేల గలవాళ్ళని అడగాలి.
ఏప్రిల్ నడుమ నుంచి సెప్టెంబరు నడుమ దాకా
అడవి పక్కన నిప్పు రాజెయ్యకూడదు.
గొర్రెల గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి,
మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి.
పార చిన్నదైనా గుంత లోతుగా ఉండాలి.
ఎందుకో విడమరచి చెప్పను.

రెండు రాత్రులు అంటాను గానీ
జూన్‌లో ఇక్కడ రాత్రి ఏదీ?
సూర్యుడు నీళ్ళ దాకా దిగొచ్చి
చల్లగా ఉన్నాయని కాలు వెనక్కి తీసుకున్నవాడిలా
మళ్ళీ పైకే పోతాడు.
ఒక జర్మన్ ముసలాయన ఐదు రోజులుండి
"ఇంకా చీకటి పడలేదుగా" అన్నాడు.
నవ్వొచ్చింది. ఫారం నింపలేదు.

మంగళవారం సిన్నోవ ఫోన్ చేసింది.
"మా తమ్ముడి ఇంటి మీదికొచ్చి వేశారు. రా."

ఆకుపచ్చ గుడారం, రెండు సైకిళ్ళు,
తాడు మీద ఆరేసిన పసిపిల్ల మేజోళ్ళు.
టేపు ఒక కొస ఆమె పట్టుకుంది,
గుమ్మం రాతికి ఆనించి, బొటనవేలితో అదిమి.
నేను బ్లూబెర్రీ పొదల మీదుగా వెనక్కి నడిచాను.
నూట పన్నెండు.

"చూశావా" అంది.
ఫారంలో తర్వాతి గడి: ఇంట్లో ఎవరుంటున్నారు?
"ఐలిఫ్."

ఐలిఫ్ శవపేటికకి నేనూ ఒక భుజం పట్టాను,
మూడేళ్ళ కిందట, వడగళ్ళలో.
పెన్ను మూత తీశాను. మళ్ళీ పెట్టాను.
తలుపు పక్కన ఆయన రబ్బరు బూట్లు,
ఒకదాంట్లో పిట్ట గూడు.

అప్పుడు సైకిళ్ళ మనిషి వచ్చాడు, ఎస్టోనియా నుంచట, ఒట్టికాళ్ళతో.
"తలుపు తట్టాం. ఎవరూ పలకలేదు.
ఖాళీ ఇల్లనుకున్నాం."
అందులో తప్పు మాట ఒక్కటీ లేదు.
నా చేతిలో పుస్తకం అడిగేది
జనం ఉంటున్న ఇళ్ళ గురించే.

సిన్నోవ లోపలికి వెళ్ళింది.
కిటికీ రెక్క కిర్రుమంది. ఏదో ఇనప మూత పడింది.
కాసేపటికి పొగగొట్టంలోంచి
ముందు నల్లగా, దగ్గినట్టు,
తర్వాత తెల్లగా, తిన్నగా
పొగ.

ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.
వాళ్ళు మేకులు పీకారు.
లోపల పిల్ల నిద్రపోతోంది, లేపడం ఎందుకని
అతనో మూల, భార్యో మూల, నేనో మూల,
నాలుగో మూల వేలాడుతుంటే
సిన్నోవ వచ్చి పట్టుకుంది, చేతులనిండా మసి.
పల్లకీలా మోసుకుపోయాం, అడుగు తడబడకుండా,
ముప్పైయెనిమిది మీటర్లు.
రెండు మీటర్లు నేనే ఎక్కువ వేయించాను,
టేపు ఎండకి సాగుతుంది కదా.

గురువారం లెక్క చూడ్డానికి మళ్ళీ వెళ్ళాను.
గుడారం కదల్లేదు.
మూడో రాత్రికి అనుమతి అడగడానికి
వాళ్ళు ఐలిఫ్ తలుపే తట్టారట.
ఈసారి పలికిందట.

గుమ్మంలో ఆమె కాఫీ కప్పు, పక్కన బూట్లు,
గూడున్నదాన్ని ముట్టుకోకుండా
రెండోదాన్ని మాత్రం తుడిచి పెట్టింది.
నన్ను చూసి "ఏం, ఇంకా కొలవాలా?" అంది.

ఆఫీసుకొచ్చి ఆ గడిలో
'ఒకరు' అని రాశాను.
పెన్ను గట్టిగా అదమలేదు.